మూత తీయని భోజనాలు

విమానాల్లో ప్రయాణికులు వదిలేసినవి, సిబ్బంది పంచగా మిగిలినవి, వాడి పారేసిన కప్పులు, కాగితాలు అన్నీ కలిపి 2023లో ప్రపంచవ్యాప్తంగా 36 లక్షల టన్నులకు పైగా చెత్త పోగయిందని అంతర్జాతీయ విమానయాన సంస్థల సమాఖ్య అయాటా అంచనా వేసింది. అందులో 65 శాతం ఆహార పానీయాలే. మొత్తం చెత్తలో 18 శాతం ఎవరూ ముట్టని భోజనాలు. అంటే సగం తిని వదిలేసినవి కావు, ముద్ద కలిపి పక్కన పెట్టినవి కావు. పైనున్న మూత కూడా తీయకుండా, వండిన చోటు నుంచి వేల మైళ్లు ప్రయాణం చేసి చెత్త డబ్బాలోకి చేరినవి.

ఇళ్లలో, హోటళ్లలో, దుకాణాల్లో వ్యర్థమయ్యే ఆహారంతో పోలిస్తే ఇది చాలా చిన్న పరిమాణమే. ఐక్యరాజ్యసమితి పర్యావరణ విభాగం లెక్క ప్రకారం 2022లో ప్రపంచంలో 105 కోట్ల టన్నుల ఆహారం వ్యర్థమైంది, అందులో సుమారు 60 శాతం మన ఇళ్ల వంటగదుల నుంచే. మరి విమానం భోజనం గురించి ప్రత్యేకంగా రాయడం ఎందుకని పాఠకులు అడగవచ్చు. మాకు రెండు కారణాలు కనిపిస్తున్నాయి. మొదటిది, విమానం ఇప్పుడు మన ఇళ్లకు దూరపు విషయం కాదు. ఉపాధి కోసం గల్ఫ్‌కు వెళ్లే అబ్బాయి, ఉమ్రాకు బయలుదేరిన తల్లిదండ్రులు, దుబాయ్‌లో కాన్పు కోసం ఎదురుచూసే కూతురి దగ్గరికి వెళ్తున్న అమ్మ, వీరిలో ఎవరో ఒకరు లేని కుటుంబం మన పాఠకుల్లో తక్కువే. రెండవది, ఇంట్లో మిగిలిన అన్నానికి ఏదో ఒక దారి ఉంటుంది. పనిమనిషికి ఇవ్వవచ్చు, కోళ్లకు వేయవచ్చు, తెల్లారి తాలింపు పెట్టుకోవచ్చు. విమానంలో మిగిలిన భోజనానికి ఆ దారులన్నీ మూసుకుపోయి ఉంటాయి. ఎందుకు మూసుకుపోయాయో తెలిస్తే గానీ, దాన్ని ఎక్కడ ఆపవచ్చో అర్థం కాదు.

విమానంలో వంట జరగదు. విమానాశ్రయం సమీపంలోని పెద్ద వంటశాలలో కొన్ని గంటల ముందే, ఒక్కోసారి ముందురోజే వండేస్తారు. వేడివేడి కూరను, అన్నాన్ని వెంటనే అతిశీతల యంత్రంలో పెట్టి గబగబా చల్లారుస్తారు. ఆహారం గోరువెచ్చగా ఉన్న సమయంలోనే సూక్ష్మక్రిములు త్వరగా పెరుగుతాయి కనుక ఆ దశను వీలైనంత వేగంగా దాటించాలి. తర్వాత చల్లటి గదిలో వరుసగా నిలబడిన కార్మికులు ట్రేలు సర్దుతారు. రొట్టె, వెన్న, సలాడ్, మిఠాయి, నీళ్ల కప్పు, చెంచాలు, అన్నీ ఒకే కొలతలో, ఒకే స్థానంలో. ఆ ట్రేలు ట్రాలీల్లోకి, ట్రాలీలు పైకి లేచే లారీల్లోకి, అక్కడి నుంచి విమానంలోకి. వేడి చేయవలసిన పళ్లేలు మాత్రం విమానంలోని ఓవెన్‌లో మళ్లీ వేడెక్కుతాయి. దుబాయ్‌లో ఎమిరేట్స్‌కు చెందిన వంటశాల ఒక్కటే రోజుకు రెండు లక్షలకు పైగా భోజనాలు తయారుచేస్తుంది. మన పెళ్లి వంటల్లో వెయ్యి మందికి దేగ్ దింపితేనే ఊరంతా చెప్పుకుంటారు. అక్కడ దాదాపు రెండు వందల పెళ్లిళ్ల వంట ప్రతిరోజూ జరుగుతుందన్నమాట.

ఇంత వంటలో ఎంత వండాలన్నది ఎవరు నిర్ణయిస్తారు? చిక్కు ఇక్కడే ఉంది. టికెట్ కొన్నవారి సంఖ్య తెలుసు; నిజంగా ఎక్కేవారి సంఖ్య చివరి నిమిషం వరకు తెలియదు. కనెక్షన్ విమానం తప్పిపోయినవారు, జబ్బుపడినవారు, ప్రయాణం మానుకున్నవారు ప్రతి సర్వీసులోనూ కొందరు ఉంటారు. టికెట్ తీసుకున్నవారిలో సగటున నూటికి ముగ్గురి నుంచి ఐదుగురు రారని నెదర్లాండ్స్‌కు చెందిన కె.ఎల్.ఎం. విమానయాన సంస్థ చెబుతోంది. ఎక్కినవారిలో ఎందరు కోడికూర అడుగుతారో, ఎందరు శాకాహారం అడుగుతారో అంతకంటే తెలియదు. ‘కోడికూర అయిపోయింది’ అన్న మాట ప్రయాణికుడికి చెప్పడానికి ఏ సంస్థా ఇష్టపడదు. కనుక అటు నాలుగు, ఇటు నాలుగు ఎక్కువే వేసి పంపుతారు. ఆతిథ్యంలో తక్కువ పడకూడదన్న భయం మన దస్తర్‌ఖాన్‌కు ఎంత తెలుసో వారికీ అంతే తెలుసు.

ఇక ఎక్కినవారంతా తింటారా అంటే అదీ లేదు. శంషాబాద్ నుంచి గల్ఫ్‌కు పోయే విమానాల్లో చాలా వరకు అర్ధరాత్రి దాటాకో, తెల్లవారుజామునో బయలుదేరుతాయి. ఆ ప్రయాణికుడు ఇంటి నుంచి ఎలా వస్తాడో మనకు తెలియనిది కాదు. మూడు రోజులుగా బంధువుల ఇళ్లలో విందులు, బయలుదేరే రాత్రి ఇంట్లో బిర్యానీ, దారిలో ఆకలవుతుందని అక్క కట్టిచ్చిన పొట్లం వేరు. హజ్ యాత్రికులైతే నాంపల్లి హజ్ హౌస్‌లో కడుపునిండా భోంచేసి బస్సెక్కుతారు. విమానంలో దీపాలు వెలిగి ట్రాలీ వచ్చేసరికి కొందరు గాఢనిద్రలో ఉంటారు, కొందరు మొహమాటానికి ట్రే తీసుకుని ముందు పెట్టుకుంటారు.

రుచి మాట కూడా చెప్పుకోవాలి. ‘విమానంలో కూర చప్పగా ఉంటుంది’ అని మనవారు అంటుంటారు. తప్పు వంటవాడిది మాత్రమే కాదు. జర్మనీలోని ఫ్రౌన్‌హోఫర్ సంస్థ 2010 ప్రాంతంలో లుఫ్తాన్సా కోసం పరిశోధన చేసింది. విమానం ముక్కలో మనుషులను కూర్చోబెట్టి, ఆకాశంలో ఉండే తక్కువ ఒత్తిడిని, పొడిగాలిని కల్పించి భోజనం పెట్టి చూసింది. ఆ వాతావరణంలో ఉప్పు, తీపి నాలుకకు మందగిస్తాయని, పులుపు, ఘాటు అంతగా తగ్గవని తేలింది. మన పచ్చళ్లకు అక్కడ కూడా పరువు దక్కేదేమో! ఏమైనా, రెండు చెంచాలు తిని ‘బాగాలేదు’ అని పక్కకు నెట్టే ట్రేల వెనుక ఈ కారణం కూడా ఉంది.

విమానం దిగాక ఏమవుతుంది? ‘ముట్టని భోజనాలే కదా, ఊళ్లో ఎంతమంది ఆకలితో లేరు, వారికి పంచరాదా?’ ఈ ప్రశ్న మేము చాలామంది నోట విన్నాం. ప్రశ్నలోని దయ మంచిదే. కానీ విమానం ఒక దేశం నుంచి మరో దేశంలో దిగినప్పుడు చట్టం ఆ దయకు అడ్డుపడుతుంది. ఆ చట్టం ఊరికే రాలేదు.

1957లో పోర్చుగల్ రాజధాని లిస్బన్‌లో విమానాశ్రయం పరిసరాల్లోని పందుల పెంపకందారులు విమానాల్లో మిగిలిన ఆహారాన్ని తెచ్చి వాటికి మేతగా వేశారు. అప్పటివరకు ఆఫ్రికా ఖండానికే పరిమితమైన ప్రాణాంతక జ్వరం, ఆఫ్రికన్ స్వైన్ ఫీవర్, ఆ మాంసపు ముక్కల ద్వారా ఐరోపాలో అడుగుపెట్టింది. అప్పటికి దాన్ని అదుపు చేసినా 1960లో మళ్లీ తలెత్తి పక్కనున్న స్పెయిన్‌కు పాకింది. ఆ ద్వీపకల్పం నుంచి దాన్ని తుడిచివేయడానికి మూడు దశాబ్దాలకు పైగా పట్టింది. అది మనకు సంబంధం లేని జంతువు గొడవ అనుకునేవారు రెండో సంఘటన చూడాలి. 2001లో బ్రిటన్‌లో గాలికుంటు వ్యాధి చెలరేగింది. సరిగా ఉడకబెట్టని ఎంగిలి మేత వేసిన ఒక పెంపకశాల దగ్గరే అది మొదలైందని విచారణలో తేల్చారు. అది విమానం ఎంగిలి అని ఎవరూ అనలేదు, కానీ దారి అదే. 60 లక్షలకు పైగా పశువులను చంపవలసి వచ్చింది. వాటిలో అత్యధికం గొర్రెలు. ఆవులూ లక్షల్లో ఉన్నాయి. గాలికుంటు ఒక్క పశువుకు సోకితే మన పల్లెల్లో రైతు ఎంత కుంగిపోతాడో తెలిసినవారికి ఈ అంకె బరువు వేరే చెప్పనక్కరలేదు.

అందుకే ఐరోపా సమాఖ్య దేశాలు బయటి దేశాల నుంచి వచ్చిన విమానాల ఆహార వ్యర్థాలను అత్యంత ప్రమాదకరమైన తరగతిలో చేర్చాయి. వాటిని కాల్చివేయాలి, లేదా అనుమతి ఉన్న చోట లోతుగా పూడ్చాలి. అమెరికాలోనూ విదేశాల నుంచి వచ్చిన విమానాల చెత్తను కాల్చాలి లేదా తీవ్రమైన వేడితో శుద్ధి చేయాలి. ముట్టిన భోజనమా ముట్టనిదా అని ఆ నిప్పు అడగదు. విమానం వెంట వచ్చిన ట్రేలోని పళ్లు, రొట్టె కూడా మాంసంతో కలిసిపోతే అదే గతి.

మా వద్ద ఆలిమ్ కోర్సు కొన్నేళ్లు చదివి, ఇంటి పరిస్థితుల వల్ల గల్ఫ్‌కు వెళ్లిన ఒక యువకుడు అక్కడి విమాన వంటశాలలో పనిచేస్తున్నాడు. అతని పని వంట కాదు; దిగిన విమానాల నుంచి వచ్చిన ట్రాలీలను ఖాళీ చేసే విభాగం. ఒక వైపు నుంచి ట్రాలీలు వస్తూనే ఉంటాయి, చేతులకు తొడుగులు వేసుకున్నవారు ట్రేలు లాగి, ఆహారం ఒక డబ్బాలోకి, ప్లాస్టిక్ మరో డబ్బాలోకి, కడగవలసినవి బెల్టు మీదికి వేస్తారు. మూత తీయని పళ్లేలను కూడా మూత చింపి బోర్లించాలి. ఒక్క బిస్కెట్టు జేబులో వేసుకున్నా ఉద్యోగం పోతుంది. సెలవుపై వచ్చినప్పుడు అతను మమ్మల్ని అడిగాడు: ‘హజ్రత్, మా అమ్మీ కింద పడిన మెతుకు ఏరి తినేది. నేను రోజూ ఈ చేతులతో వందల భోజనాలు పారేస్తున్నాను. ఈ సంపాదన హలాలేనా? ఆ దుబారా పాపం నా లెక్కలో రాస్తారా?’

మేము వెంటనే జవాబు చెప్పలేదు. ఆ పని ఎలా జరుగుతుందో వివరంగా అడిగి తెలుసుకున్నాం. విన్నాక చెప్పింది ఇది: ప్రజలకు, పశువులకు హాని కలగకుండా పెట్టిన నియమాన్ని పాటిస్తూ, ఇక ఎవరికీ ఉపయోగపడే వీలులేని ఆహారాన్ని తొలగించడం దుబారా కాదు. అది ఊరి చెత్త ఎత్తే పనిలాంటి సేవ. అతని జీతం హలాలు. వ్యర్థం అతని చేతి దగ్గర జరగలేదు. అవసరం లేకుండా ఎక్కువ వండమన్న చోట, తిననని తెలిసీ చెప్పని చోట అది ఎప్పుడో జరిగిపోయింది. అతని చేతికి వచ్చేది దాని జనాజా మాత్రమే. అబ్బాయి మొహంలో కొంత నెమ్మది కనిపించింది. కానీ అతనికి చెప్పిన జవాబులోని రెండో సగం మమ్మల్ని వదల్లేదు. తిననని తెలిసీ చెప్పనివారు ఎవరు? టికెట్ కొన్న మనమే కదా.

‘నేను వద్దన్నాను, తీసుకోలేదు, కాబట్టి నా వల్ల వృథా కాలేదు’ అని చాలామంది అనుకుంటారు. సీట్లో కూర్చుని వద్దనడం మంచిదే. పక్కవారెవరైనా రెండోది అడిగితే సిబ్బంది ఇవ్వగలరు. కానీ ఆ భోజనం అప్పటికే వండి, ఎక్కించి, వేడి చేసి ఉంది. మీరు తీసుకోకపోతే అది ఓవెన్ నుంచి ట్రాలీలోకి, ట్రాలీ నుంచి మా విద్యార్థి చేతుల్లోకి వెళుతుంది. ‘వద్దు’ అన్న మాటకు ఒక వేళ ఉంది. అది వంటవాడు బియ్యం కొలవకముందు.

ఈ సంగతి గ్రహించిన కొన్ని సంస్థలు ఆ మాటను ముందే వినే ఏర్పాటు చేశాయి. జపాన్ ఎయిర్‌లైన్స్ 2020లో కొన్ని రాత్రి సర్వీసుల్లో ప్రయోగాత్మకంగా మొదలుపెట్టి, తర్వాత తన అంతర్జాతీయ సర్వీసులకు విస్తరించిన పద్ధతి మాకు బాగా నచ్చింది. నిద్రపోవాలనుకునేవారు, తినాలని లేనివారు ముందుగానే తమ భోజనం రద్దు చేసుకోవచ్చు. అలా రద్దయిన భోజనాలకు బదులుగా ఆ సంస్థ ఒక స్వచ్ఛంద సంస్థ ద్వారా పేద దేశాల పిల్లల బడి భోజనాలకు విరాళం ఇస్తుంది. విమానం దిగాక పేదవాడికి చేరలేని అన్నం, విమానం ఎక్కకముందే వేరే రూపంలో అతనికి చేరుతోంది. ఇందాకటి దయగల ప్రశ్నకు ఇంతకంటే మంచి జవాబు మాకు కనిపించలేదు.

కె.ఎల్.ఎం. సంస్థ మరో దారి పట్టింది. పాత ప్రయాణాల వివరాలతో శిక్షణ ఇచ్చిన కృత్రిమ మేధ, ఎవరెవరు ఎక్కుతారన్నది కాకుండా ఎందరు ఎక్కుతారన్నది లెక్కగడుతుంది. ప్రయాణానికి 17 రోజుల ముందు మొదలై, బయలుదేరడానికి 20 నిమిషాల ముందు వరకు ఆ అంచనా మారుతూనే ఉంటుంది. టికెట్ కొన్నవారందరికీ వండడంతో పోలిస్తే దీనివల్ల వృథా 63 శాతం తగ్గిందని ఆ సంస్థ 2024లో ప్రకటించింది. దూరప్రయాణ సర్వీసుకు సగటున రెండున్నర భోజనాలు మిగులుతున్నాయట. వినడానికి ఎంత తక్కువ! కానీ ఏడాదికి కూడితే 1,11,000 కిలోలు. వంటశాలల్లోపల జరిగే వృథాకు చెత్తడబ్బా కింద త్రాసు, పైన కెమెరా పెట్టి ఏది ఎంత పారేస్తున్నారో నమోదు చేసే యంత్రాలు వచ్చాయి. ఎమిరేట్స్ వంటశాల కూడా వాటిని తెచ్చుకుంది.

సంస్థలు ఇదంతా పుణ్యం కోసమే చేస్తున్నాయని మేము అనం. విమానంలో ప్రతి కిలోకు ఇంధనం ఖర్చవుతుంది. మోసిన బరువులో గంటకు సుమారు 3 శాతం ఇంధనం దాన్ని మోయడానికే పోతుందని ఆ రంగంలో ఒక మోటు లెక్క ఉంది. ఎనిమిది గంటల ప్రయాణంలో ఎవరూ తినని కిలో ఆహారాన్ని మోయడానికి పావుకిలో ఇంధనం కాలిపోతుంది. దిగాక దాన్ని కాల్చడానికి మళ్లీ ఖర్చు. లాభం కోసమైనా సరే, తగ్గితే తగ్గనీ. మాకు అభ్యంతరం ఉన్నది వేరొక చోట. వ్యాధి భయం మాంసం, పాలు, గుడ్ల గురించి. సీలు విప్పని నీళ్ల కప్పు, బిస్కెట్టు, చక్కెర పొట్లం కూడా అదే మంటలో పడడం న్యాయంగా లేదు. నియమాలను ప్రమాదాన్ని బట్టి సవరించమని అయాటా కూడా ప్రభుత్వాలను కోరుతోంది. దేశంలోపలి సర్వీసుల సంగతి మరీ వేరు. విమానం ఎక్కకుండా వంటశాలలోనే మిగిలిన భోజనం మన చట్టం దృష్టిలో మామూలు మిగులు ఆహారమే. దాన్ని సేకరించి పంచేవారికి మన ఆహార భద్రతా ప్రాధికార సంస్థ 2019లోనే నిబంధనలు రూపొందించింది.

1919 అక్టోబరు 11న లండన్ నుంచి పారిస్‌కు వెళ్లే విమానంలో ప్రయాణికులకు తొలిసారి భోజనం పెట్టారు. అట్టపెట్టెలో సర్దిన చల్లని ఫలహారం, ధర 3 షిల్లింగులు. అడిగి డబ్బిచ్చినవాడికే ఇచ్చారు. టికెట్‌లోనే భోజనం కలిసిపోయాక ‘డబ్బు కట్టాం కదా, తీసుకుందాం’ అన్న ఆలోచన వచ్చింది. డబ్బు కట్టిన హక్కు తినడానికే గానీ పారేయడానికి కాదని మేము పిల్లలకు చెబుతుంటాం. పెద్దలకు చెప్పడం మాత్రం కొంచెం కష్టం.

ఇక మన కుటుంబాలు తెలుసుకోవలసిన కొన్ని విషయాలు. టికెట్ బుక్ చేసేటప్పుడు ఎం.ఓ.ఎం.ఎల్. అన్న సంకేతం ముస్లిం భోజనానిది. ఐరోపా, అమెరికా సంస్థల్లో ప్రయాణించేటప్పుడు దాన్ని ముందుగా అడగడం అవసరం. అయితే ఆ ప్రత్యేక భోజనం మీ పేరున, మీ సీటుకే వస్తుంది. మీరు ప్రయాణ తేదీ మార్చుకుని రద్దు చేయకపోయినా, ఎక్కాక ‘మామూలుదే ఇవ్వండి’ అన్నా, అది మిగిలిపోయినట్టే. సౌదియా, ఎమిరేట్స్, ఖతర్ వంటి సంస్థల్లో వడ్డించే భోజనాలన్నీ హలాలే. అక్కడ విడిగా అడగనక్కరలేదు. వద్దనుకుంటే ఫోన్‌లోనో ఏజెంటు ద్వారానో రెండు రోజుల ముందే చెప్పి చూడండి. అన్ని సంస్థలూ వినకపోవచ్చు. అడిగేవారు పెరిగితే వినడం మొదలుపెడతారు.

చిన్న పిల్లలకు ట్రే అంతా విప్పి ఇవ్వకుండా, పెద్దవారి ట్రేలోంచి తినిపించి, సరిపోకపోతే రెండోది విప్పడం మంచిది. మూత తీయని రొట్టె, బిస్కెట్టు సంచిలో పెట్టుకోవచ్చునా అని కొందరు అడుగుతారు. మీకు ఇచ్చింది మీదే. కానీ మాంసం, పాలపదార్థాలు, పళ్లు మరో దేశంలోకి తీసుకుపోవడం చాలా చోట్ల నిషేధం. వాటిని దిగకముందే తినేయాలి, లేదా అసలు తీసుకోకూడదు. పెరుగన్నం కట్టుకుని వెళ్లే పెద్దలకు కూడా ఈ మాట వర్తిస్తుంది.

రమజాన్ ఉమ్రా బృందాల విషయం అన్నిటికంటే ముఖ్యం. నలభై, యాభై మంది ఒకే విమానంలో ఉపవాసంతో వెళ్తారు. మధ్యాహ్నం ట్రాలీ వస్తే ఒక్కరూ ముట్టరు. జిద్దాలో దిగేసరికి మగ్రిబ్ కాకపోతే ఆ యాభై భోజనాలూ అలాగే దిగుతాయి. ప్రయాణికుడికి ఉపవాసం వాయిదా వేసుకునే సడలింపు ఉంది, దాన్ని వాడుకునేవారు కొందరు, వాడుకోనివారు ఎక్కువమంది. ఎవరు ఎటో విమానయాన సంస్థకు తెలిసే దారి బృందం నాయకుడు ఒక్కడే. ఇఫ్తార్ వేళ విమానంలోనే అయ్యే ప్రయాణికులకు కొన్ని గల్ఫ్ సంస్థలు ఖర్జూరాలతో ఇఫ్తార్ పెట్టెలు ఇస్తున్నాయి. ఏజెంటు పాస్‌పోర్టులు తీసుకునే రోజునే, వీల్‌చైర్ ఎవరికి కావాలని అడిగే కాగితం మీదనే, ఇంకో గడి గీయవచ్చు: భోజనం కావాలి, ఇఫ్తార్ పెట్టె చాలు, ఏదీ వద్దు. మా ఊరి నుంచి వచ్చే ఏడాది బయలుదేరే బృందం పెద్దలకు ఆ కాగితం నమూనా రాసి ఇచ్చాం.